ఉదయగిరి దుర్గం: కోట ఎక్కి, పల్లెలు చుట్టి, బయలుదేరిన చోటికే చేరే ఒక రోజు నడక

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో బస్సు దిగి తలెత్తితే ఊరి మీదికి వాలినట్టు కనిపించే కొండే దుర్గం. సముద్ర మట్టం నుంచి దాని శిఖరం ఎత్తు 3,079 అడుగులు. చూడడానికి వచ్చేవారిలో చాలామంది పొద్దున్నే ఎక్కి, గోడలు చూసి, ఫోటోలు తీసుకుని, దిగి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతారు. అలా చూస్తే కోట సగమే అర్థమవుతుందని నా అభిప్రాయం. పైనుంచి చూసిన కొండను కింద పొలాల్లోంచి, చెరువు కట్ట మీదినుంచి, పాదాన ఉన్న పల్లెల్లోంచి మళ్ళీ చూసినప్పుడే, శ్రీకృష్ణదేవరాయల సైన్యం దీని ముందు ఏడాదిన్నర పాటు ఎందుకు ఆగిపోవలసి వచ్చిందో బోధపడుతుంది. అందుకే ఈ మార్గదర్శి కోట ఎక్కడంతో ఆగకుండా, దిగాక కొండపాదం వెంట పల్లెలను చుట్టి, వేరే దారిన ఊళ్ళోకి తిరిగి వచ్చే నడకను ఎలా సిద్ధం చేసుకోవాలో, ఎలా నడవాలో చెబుతుంది.

ముందే ఒక మాట. కొండ మీదికి పూర్వం ఒకటి కన్నా ఎక్కువ దారులు ఉండేవి. అయినా మొదటిసారి వెళ్ళేవారు ఒక దారిన ఎక్కి మరో దారిన దిగాలని ఆలోచించకూడదు. వాడుకలో లేని దారి కంపలతో మూసుకుపోయి, నిట్టనిలువు బండ అంచున ఆగిపోతుంది. కాబట్టి కొండ మీద రాకపోకలు ఒకే దారిన సాగించి, చుట్టు తిరగడం కిందనే పెట్టుకోవాలి. కొండ చుట్టూ పూర్తి ప్రదక్షిణ చేయడం ఒక రోజు పని కాదు. పైగా అందులో ఎక్కువ భాగం అడవి. మనం చేసేది పాదం వెంట కొంత దూరం నడిచి, పొలాల మధ్య సాగే డొంక (బండి బాట) పట్టుకుని, ఊరి రోడ్డు మీదికి తేలే చిన్న చుట్టు మాత్రమే.

ఎప్పుడు వెళ్ళాలి

నెల్లూరు జిల్లాకు ప్రధానంగా వానలు పడేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వానల్లో కొండ బండలకు పాచి పట్టి ఉంటుంది, వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి. కార్తీకం గడిచి వానలు తెరిపి ఇచ్చాక, డిసెంబరు ద్వితీయార్ధం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉండే కాలమే ఈ నడకకు సరైనది. అప్పటికి చెరువుల్లో నీళ్ళు, పొలాల్లో పైరు, కొండ మీద ఇంకా వాడని పచ్చదనం ఉంటాయి. మార్చి నుంచి జూన్ దాకా వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. ఆ నెలల్లో పొద్దున పది గంటలకే బండ కాలడం మొదలుపెడుతుంది, పైన నీడ దొరకదు.

చలికాలంలో పగలు చిన్నదన్న సంగతి లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబరు చివర ఇక్కడ ఉదయం ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఆరు కాకముందే గుంకుతుంది. కొండ చాటున పడే పొలాల్లో చీకటి అంతకన్నా ముందే పడుతుంది. కాబట్టి సాయంత్రం ఐదింటికల్లా కాలిబాట వదిలి రోడ్డు మీద ఉండేలా రోజును వెనక నుంచి లెక్కగట్టుకోవాలి.

పటం మీద ముందుగా నడవడం

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 కొలమానం గల టోపో షీట్లలో (ఎత్తుపల్లాలు చూపే పటాల్లో) ఉదయగిరి ఊరు పాత సంఖ్యల ప్రకారం 57 ఎన్/5లో పడుతుంది. పడమటి అంచు కూడా చూడాలంటే పక్కనే ఉన్న 57 ఎన్/1ని దగ్గర పెట్టుకోవడం మంచిది. ఈ కొలమానంలో పటం మీది ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. సమాన ఎత్తును చూపే రేఖల మధ్య తేడా 20 మీటర్లు. రేఖలు ఒకదాని మీద ఒకటి పడినట్టు నల్లగా కనిపించే చోటు నిట్టనిలువు బండ అని, దూరదూరంగా ఉన్నచోటు నడవదగిన వాలు అని గుర్తుపెట్టుకుంటే పటం చదవడంలో సగం పని అయిపోయినట్టే.

వంకర దారి పొడవు కొలవడానికి దారాన్ని మించిన పనిముట్టు లేదు. తడిపిన నూలు దారాన్ని కాలిబాట గీత మీద వంపు వంపుకూ అద్ది, తరువాత చాచి స్కేలు మీద పెట్టి సెంటీమీటర్లు చూసి, రెండుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఇక సమయానికి నేను వాడే లెక్క ఇది: చదును నేల మీద గంటకు నాలుగు కిలోమీటర్లు, దానికి అదనంగా ఎక్కే ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఒక గంట. ఉదాహరణకు కాలిబాట మూడు కిలోమీటర్లు, ఎక్కుడు 600 మీటర్లు అనుకుంటే, దూరానికి ముప్పావు గంట, ఎత్తుకు రెండు గంటలు కలిపి రెండూ ముప్పావు గంటలు అవుతుంది. దిగడానికి ఎక్కినదానికన్నా చాలా తక్కువ సమయం పడుతుందని చాలామంది పొరబడతారు. రాళ్ళు పరచుకున్న వాలులో మోకాళ్ళ మీద భారం పడుతుంది కాబట్టి దిగుడుకు రెండు గంటలైనా కేటాయించాలి.

కింది చుట్టును ఏడెనిమిది కిలోమీటర్లకు మించనీయకుండా గీసుకోవాలి. పటంలో కొండపాదాన ఉన్న రెండు మూడు పల్లెలను ఎంచుకుని, వాటి మధ్య చుక్కల గీతలుగా చూపిన బండి దారులను, చెరువు కట్టలను గుర్తు పెట్టుకోవాలి. పటం అచ్చయిన తరువాత డొంకలు పొలాల్లో కలిసిపోయి ఉండవచ్చు, బత్తాయి తోటకు కంచె పడి ఉండవచ్చు. అందుచేత పటం చూపినది ఉద్దేశమే అనుకోవాలి. ఆఖరి మాట ఆ ఊరివాళ్ళది. ఈ కారణంగానే నేను ఇక్కడ పల్లె తరువాత పల్లె పేరు రాసి మలుపులు చెప్పడం లేదు. ఒక్క ఏడాదిలో తప్పయిపోయే మలుపుల కన్నా, దారి కనుక్కునే పద్ధతి ఎక్కువ కాలం పనికొస్తుంది.

అనుమతి, తోడు

ఈ ప్రాంతంలోని వెలిగొండల (కొండల వరుస) అడవుల్లో ఎర్రచందనం పెరుగుతుంది, దాని దొంగ రవాణా మీద అటవీ శాఖ ఎప్పుడూ కన్నేసి ఉంచుతుంది. సంచులు భుజాన వేసుకుని తెల్లవారుజామున కొండెక్కే కొత్తవారిని చూస్తే అనుమానం రావడం సహజం. కాబట్టి ముందు రోజే ఉదయగిరిలోని అటవీ రేంజి కార్యాలయానికి వెళ్ళి, ఎంతమంది వెళ్తున్నదీ, ఎప్పుడు దిగేదీ చెప్పి, అనుమతి అవసరమో లేదో అడిగి తెలుసుకోవాలి. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. కొండ మీద రాత్రి బస చేయాలన్న ఆలోచన పెట్టుకోకూడదు. ఈ కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి, చీకటిలో ఆ రాళ్ళ మీద నడవడం మనిషికి చేతకాదు.

తోడు మాట ముఖ్యం. దుర్గం మీద మేకలను మేపేవారు, పూర్వం కట్టెలకు వెళ్ళినవారు ఊళ్ళో ఉంటారు. వారిలో ఒకరిని వెంట రమ్మని అడిగి, ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తారు కాబట్టి అంతకు తగ్గకుండా ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోవాలి. వయసును బట్టి అన్నా అనో, పెద్దాయనా అనో, సాయిబు గారూ అనో పిలవాలి. ఆయన తినడానికీ తాగడానికీ కూడా మనమే తీసుకెళ్ళాలి.

మూటలో ఏముండాలి

మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు. ఇందులో బేరం లేదు. పైన బండల్లో దొనలు (నీళ్ళు నిలిచే గుంటలు), పాత కోనేళ్ళు ఉంటాయి, కానీ అవి నిలవ నీళ్ళు. మరగబెట్టకుండా తాగితే మరునాడు మంచం పట్టవలసి వస్తుంది. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు వేసుకోవాలి. అవి లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో సరిగ్గా కొలిచి కలుపుకోవచ్చు. తిండికి పులిహోర, వేరుశనగ చిక్కీ, దోసకాయలు చాలు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది కాబట్టి పాలు ఎక్కువగా పోసి తోడు పెట్టుకోవడం మన ఇళ్ళల్లో తెలిసిన పద్ధతే. చీలమండను పట్టి ఉంచే బూట్లు, ముళ్ళకు తట్టుకునే పొడుగు ప్యాంటు, తువ్వాలు, చేతికర్ర, టార్చిలైటు ఉంటే మిగతావి లేకపోయినా గడిచిపోతుంది. సెంటు పూసుకోవద్దు. దాని కారణం తరువాత చెబుతాను.

ఉదయగిరికి చేరడం

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా సుమారు వంద కిలోమీటర్లు. కావలి వైపు నుంచి వచ్చేవారు కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా, ప్రకాశం జిల్లా నుంచి వచ్చేవారు కనిగిరి, పామూరు మీదుగా రావచ్చు. ఉదయాన్నే ఎక్కాలి కాబట్టి ముందు రోజు సాయంత్రానికే ఊరు చేరి పడుకోవడం తప్పనిసరి. ఆ సాయంత్రం పొద్దు ఉండగా ఊళ్ళోని రంగనాయకుల గుడి చూసి, అక్కడి నుంచి కొండను పరికించి, రేపు ఎక్కబోయే వాలును పటంతో సరిపోల్చుకోవాలి.

ఎక్కడం

ఆరింటికల్లా కొండపాదం దగ్గర ఉండాలి. మొదటి అరగంట ఎంత నెమ్మదిగా నడిస్తే మిగతా రోజు అంత హాయిగా సాగుతుంది. పక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. మాట తెగుతున్నదంటే నడక తగ్గించాలి. కొన్నిచోట్ల పాత రాతి మెట్లు కనిపిస్తాయి, కొన్నిచోట్ల అవి కొట్టుకుపోయి గులకరాళ్ళ వాలు మిగిలి ఉంటుంది. మెట్టు మీద అడుగు వేసేముందు చేతికర్రతో ఒకసారి తట్టాలి. కదిలే రాయి ఆ చప్పుడులోనే తెలిసిపోతుంది. అదే చప్పుడుకు పాము కూడా తప్పుకుంటుంది.

దారికి రెండువైపులా కలివి, బలుసు, బిక్కి, రేగు పొదలు ఉంటాయి. సంక్రాంతి నాటికి రేగుపళ్ళు పండుతాయి. పండు కోసం చేయి చాచేముందు పొద కిందికి చూడాలి. రాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి పట్టుకోవడం, చూడకుండా బండ మీద కూర్చోవడం రెండూ ప్రమాదమే. తేలు, చిన్నపింజర ఉండేది అలాంటి చోటే. ఒకవేళ పాము కరిస్తే గాటు పెట్టకూడదు, తాడు బిగించకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలు కదలకుండా కర్రతో ఊతం కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుంటూ దించి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఇచ్చే ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి తీసుకెళ్ళే ప్రయత్నంలో సమయం పోగొట్టుకోకూడదు.

నిట్టనిలువు బండల కింద నల్లగా, జల్లెడంత వెడల్పున వేలాడే తేనెతుట్టెలు కనిపిస్తే గొంతు తగ్గించుకుని ముందుకు సాగాలి. సెంటు వాసన, పొగ, గట్టి కేకలు కొండ తేనెటీగలను రేపుతాయి. వంట చేయడానికి, చలి కాచుకోవడానికి మంట వేయకూడదనడానికి అడవి కాలిపోతుందన్న భయంతో పాటు ఇదీ కారణం.

కోటను ఎలా చదవాలి

మొదటి గోడ దాటగానే ఫోనులో ఫోటోలు తీయడం మొదలుపెట్టకుండా, ఐదు నిమిషాలు వెనక్కి తిరిగి నిలబడండి. ఇంతసేపూ ఎక్కిన దారి అంతా ఆ గోడ మీద నిలబడినవాడికి కనిపిస్తూనే ఉన్నదని అప్పుడు తెలుస్తుంది. ఉదయగిరి దుర్గం ఒకే కోట కాదు, పదమూడు కోటల సముదాయంగా దీన్ని లెక్కించేవారు. వాటిలో ఎనిమిది కొండ మీద, ఐదు కింద ఉండేవి. కొన్ని వైపుల కొండ దాదాపు నిట్టనిలువుగా, వెయ్యి అడుగుల దాకా కోసినట్టు ఉంటుంది. అలాంటి చోట మనిషి గోడ కట్టనక్కర లేదు. గోడలు కట్టినచోటల్లా కొండ బలహీనంగా ఉన్నదని అర్థం. గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నదో చూస్తూ నడిస్తే, కట్టినవారి మనసులోని భయం ఏ దిక్కున ఉన్నదో తెలుస్తుంది.

రాళ్ళను దగ్గరగా చూడండి. కొన్నిచోట్ల పెద్ద బండరాళ్ళను సున్నం లేకుండా ఒకదానికొకటి కొరుక్కునేలా పేర్చి ఉంటారు. మరికొన్నిచోట్ల చిన్న రాళ్ళు, మధ్యలో డంగు సున్నం, పైన గచ్చు పూత కనిపిస్తాయి. రెండు పద్ధతులు ఒకే గోడలో కలిసిన చోట అతుకు కనిపిస్తుంది. ఒక కాలంలో కట్టినదాన్ని మరో కాలంలో బాగుచేశారనడానికి అది ఆనవాలు. గచ్చు రాలిన చోట వేలితో తడిమితే గరుకుగా ఇసుక పలుకులు తగులుతాయి, ఇంకా మిగిలి ఉన్న చోట అదే పూత అరచేతికి గాజులా నునుపుగా ఉంటుంది. తడమడంతోనే ఆగాలి, గీకకూడదు.

ఇన్నిసార్లు బాగుచేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, ఈ కొండ చాలామంది చేతులు మారింది. విజయనగర రాజ్యం మొదటి రోజుల్లో మొదటి హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఉదయగిరి రాజ్యాన్ని పాలించాడు, ఆయన తరువాత ఆయన కుమారుడు రెండో సంగముడు వచ్చాడు. వేదాలకు భాష్యం రాసిన సాయణాచార్యులు ఈ ఇద్దరి దగ్గరా మంత్రిగా ఉన్నారు. 15వ శతాబ్దంలో కోట ఒడిశా గజపతుల పరమైంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతి ప్రతాపరుద్రుని మీద దండయాత్రను మొదలుపెట్టింది ఇక్కడే. పోర్చుగీసు వ్యాపారి ఫెర్నావో నూనిజ్ రాసినదాన్ని బట్టి, కోట దగ్గరికి సైన్యం చేరే దారి లేక రాయలు బండలు పగలగొట్టించి దారి వేయించాడు. ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514లో కోట లొంగింది. అదే ఏడాది జులైలో రాయలు తిరుమల దేవి, చిన్నాదేవులతో తిరుమల వెళ్ళి స్వామిని దర్శించుకున్నాడు. ఉదయగిరి నుంచి తీసుకువెళ్ళిన బాలకృష్ణుని విగ్రహాన్ని 1515లో విజయనగరంలో కొత్తగా కట్టించిన కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. హంపీకి వెళ్ళినవారు చూసే ఆ గుడి కథ ఈ కొండ మీద మొదలైంది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్ షాహీలు, ఆ తరువాత ఆర్కాటు నవాబుల జాగీర్దారులు ఇక్కడికి వచ్చారు. కొండ మీది పెద్ద మసీదు, చిన్న మసీదు ముస్లిం పాలన కాలపు కట్టడాలు. 1839 ప్రాంతంలో జాగీర్దారును ఈస్టిండియా కంపెనీ వారు తప్పించి జాగీరు తమ వశం చేసుకోవడంతో కోటకు సైనిక జీవితం ముగిసింది. గుడి శిథిలమైనా, మసీదు శిథిలమైనా, లోపలికి అడుగుపెట్టేటప్పుడు చెప్పులు విప్పండి. గోడల మీద పేర్లు చెక్కడం, నిధి కోసం తవ్విన గుంతలను ఇంకా పెద్దవి చేయడం, విరిగిన శిల్పపు ముక్క సంచిలో వేసుకోవడం నేరాలు. రక్షిత కట్టడాలను పాడుచేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం, 2010 సవరణ తరువాత, రెండేళ్ళ దాకా జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. నిధి తవ్వకాల గుంతలు కొన్ని గడ్డి కప్పుకుని ఉంటాయి కాబట్టి నేల చూసి నడవాలి.

కోటలో తప్పక వెదికి చూడవలసినది నీళ్ళ ఏర్పాటు. బండ వాలు ఎటు ఉన్నదో చూసి, ఆ వాలు చివరికి వెళ్ళండి. వాన నీరు జారి వచ్చి చేరే చోట తొలిచిన దొనో, కట్టిన కోనేరో ఉంటుంది. ఏడాదిన్నర ముట్టడిని ఓర్చుకున్నవారికి గోడలు ఎంత అండగా నిలిచాయో ఈ నీళ్ళూ అంతే అండగా నిలిచి ఉండాలి.

దిగడం

పదకొండు దాటకముందే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి చూసి, దిగేటప్పుడు ఆ చోటు ఎలా కనిపిస్తుందో మనసులో పెట్టుకోవడం మంచి అలవాటు. ఎక్కేటప్పుడు చూసిన దారి, దిగేటప్పుడు చూసే దారి కంటికి ఒకటిగా అనిపించవు.

నేను రెండోసారి వెళ్ళినప్పుడు దారి తెలుసనే ధీమాతో తోడు లేకుండా ఎక్కాను. దిగేటప్పుడు బాగా అరిగిన బాట ఒకటి ఎడమకు చీలితే, అదే దారి అనుకుని పట్టుకున్నాను. పావుగంట తరువాత అది రెండు పాయలైంది, కాసేపటికి నాలుగైంది, ఆ తరువాత ఏదీ బాటగా మిగలలేదు. కంపల్లో గంటన్నర తిరిగాను, ఒంటి మీది చొక్కా రెండుచోట్ల చిరిగింది, నీళ్ళు అరలీటరు మిగిలాయి. కింద ఎక్కడో మేకల గంటలు వినిపిస్తే ఆ దిక్కుగా కేక వేశాను. ఒక ముసలాయన పైకి వచ్చి నన్ను పాత మలుపు దాకా తీసుకువచ్చి వదిలాడు. వదిలేముందు ఆయన అన్న మాట ఇది: "నాయనా, మేక ఆకు కోసరం పోద్ది. నువ్వు ఊరికి పోవాల. దాని దారి నీకెందుకు?" మనుషుల బాటను, మేకల బాటను వేరు చేసి చూడడం ఆయనే నేర్పారు. మేకల బాట పొద దగ్గర పొద దగ్గర ఆగుతుంది, నడుము ఎత్తులో కొమ్మలు అడ్డంగానే ఉంటాయి. మనుషుల బాటలో భుజాల ఎత్తు దాకా కొమ్మలు విరిగి ఉంటాయి, బండల మీద అరిగిన నునుపు కనిపిస్తుంది. అనుమానం వచ్చిన క్షణంలోనే ఆగి, కచ్చితంగా తెలిసిన ఆఖరి చోటికి వెనక్కి ఎక్కాలి. ముందుకు దిగితే దారి దొరుకుతుందన్న ఆశే మనిషిని నిట్టనిలువు బండ అంచుకు తీసుకుపోతుంది.

కొండపాదం వెంట పల్లెలు

ఒంటిగంటకు కిందికి చేరితే, చెట్టు నీడలో అన్నం తిని, కాళ్ళు చాపుకుని గంటన్నర పడుకోవాలి. వెంట వచ్చిన తోడుకు కూలి ఇచ్చి, ఇక్కడి నుంచి పల్లెలకు పోయే బాట ఆయన చేతే చూపించుకోవాలి. మూడు గంటలకు ఎండ వాలుతుంది. అప్పుడు కొండను కుడి భుజాన పెట్టుకుని, గుడి చుట్టూ తిరిగినట్టే బయలుదేరండి. ఈ ఒక్క గుర్తు చాలు: పల్లెల మధ్య నడుస్తున్నంతసేపూ కొండ కుడి భుజాన ఉండాలి, రోడ్డువైపు మళ్ళాక వీపు వెనక్కి రావాలి. పల్లెల మధ్య అది ఎడమవైపు కనిపిస్తే దారి తప్పినట్టు.

కయ్యల (పొలం మడుల) మధ్య గెనిమ (గట్టు) మీదనే నడవాలి, పైరులోకి దిగకూడదు. గెనిమ మీద మెత్తటి మట్టి కొత్తగా వేసి ఉంటే పక్క గెనిమ చూసుకోవాలి. పొలాల చుట్టూ మోకాలి ఎత్తున లాగిన తీగలను ఎట్టి పరిస్థితిలోనూ తాకవద్దు, దాటవద్దు. అడవి పందుల కోసం కొందరు వాటికి కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధమైనా జరుగుతూనే ఉంది, దానివల్ల మనుషులు చనిపోయారు. వట్టిపోయిన దిగుడు బావులు కొన్ని చుట్టుగోడ లేకుండా చిల్లకంపల మధ్య నోరు తెరుచుకుని ఉంటాయి కాబట్టి కంపల్లోంచి అడ్డదారి పట్టకూడదు.

పల్లెలోకి అడుగుపెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏ ఊరు మీది? ఎవురింటికొచ్చారు?" అన్నదే. దానికి పొడిగా జవాబిచ్చి ముందుకు పోతే ఆ పల్లెలో మనకు దారి మూసుకుపోయినట్టే. ఆగి, ఊరి పేరు, కొండెక్కి వచ్చిన సంగతి, చెరువు కట్ట మీదుగా ఉదయగిరి పోవాలనుకుంటున్న సంగతి చెప్పాలి. తరువాత దారి అడిగే పద్ధతి ఉంది. "ఈ దారి ఉదయగిరికి పోతుందా?" అని అడిగితే మర్యాద కోసమో, ఎక్కడో ఒకచోట పోతుందనో చాలామంది పోతుందంటారు. "ఇక్కడి నుంచి ఉదయగిరికి మీరైతే ఎట్టా పోతారు?" అని అడిగితే అసలు దారి బయటికి వస్తుంది. దూరం అడగవద్దు, ఎంతసేపు పడుతుందో అడగండి. ఇద్దరు వేరువేరు మనుషులు ఒకే గుర్తు, ఫలానా వేపచెట్టో, ఫలానా గుడో, చెబితే ఆ దారి నమ్మవచ్చు.

నీళ్ళ విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. ఈ మెట్ట ప్రాంతంలో బోరు నీళ్ళలో ఫ్లోరైడు బాధ ఉంది, అందుకని చాలా ఇళ్ళలో తాగే నీళ్ళు క్యానులో కొని తెచ్చుకున్నవే. చెంబుతో నీళ్ళు అడిగితే ఎవరూ లేదనరు. కానీ అవి డబ్బు పెట్టి కొన్న నీళ్ళని గుర్తుంచుకుని, దాహానికి సరిపడా తాగి, సీసాలన్నీ నింపుకోకుండా, నింపుకోవలసి వస్తే ఊళ్ళోని నీళ్ళ ప్లాంటు దగ్గరే డబ్బిచ్చి తీసుకోవాలి. కుళాయి దగ్గరి ఆడవాళ్ళను, వాకిట్లో పనిచేసుకుంటున్నవారిని అడగకుండా ఫోటో తీయకూడదు. కుక్కలు మొరిగితే కర్ర కిందికి దించి, పరుగెత్తకుండా, ఇంటివాళ్ళను "అక్కా, కుక్కను పట్టుకోండి" అని పిలవాలి.

ఏ పల్లె దాటినా చెరువు కట్ట ఎక్కే అవకాశం వస్తే వదులుకోవద్దు. కట్ట మీద నిలబడితే ఒకవైపు నీళ్ళలో కొండ తలకిందులుగా, మరోవైపు కొండ అండన పండే కయ్యలు కనిపిస్తాయి. తూము నుంచి కాలువ ఎటు పోతున్నదో, నిండినప్పుడు నీళ్ళు పోయే కలుజు ఎక్కడున్నదో చూడండి. వందల మందిని కొండ మీద నిలబెట్టడానికి కావలసిన గింజలు ఇలాంటి చెరువుల కింది పొలాల నుంచే పైకి మోయవలసి ఉంటుంది. కోట మీద పొద్దున మీరు నిలబడిన బురుజు ఇక్కడి నుంచి వేలి గోరంత కనిపిస్తుంది. అటునుంచి చూస్తే ఈ కయ్యలూ, ఈ కట్టా, దీని మీద నడిచే మనిషీ అరచేతిలో గీతల్లా కనిపించి ఉంటారు. ఈ రెండు చూపులు ఒకే రోజున దొరకాలనే ఈ చుట్టు.

తిరిగి ఊళ్ళోకి

నాలుగున్నరకు డొంక పట్టుకుని రోడ్డువైపు మళ్ళాలి. అప్పటికి అలసట ఎక్కువై, చీకటి దగ్గరపడుతూ ఉంటే, మిగిలిన దూరం ఆటోలో వెళ్ళడంలో చిన్నతనం ఏమీ లేదు. రోడ్డు అంచున చీకట్లో నడవడం కొండెక్కడం కన్నా ప్రమాదం.

పొద్దు ఉండగా ఊరు చేరితే, కొయ్య చెంచాలు చేసే ఇల్లు ఎక్కడో అడిగి వెళ్ళండి. ఉదయగిరి కొయ్య చెంచాలు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ పనిలో ఎక్కువగా ఉన్నది ముస్లిం కుటుంబాల ఆడవాళ్ళే. నర్ది, బిక్కి, దేవదారి కర్రలను చెక్కి, ఆకురాయితో అరగదీసి, పిడి మీద నగిషీ తీస్తారు. పొద్దున దారి పక్కన పొదగా చూసిన బిక్కి ఇక్కడ చెంచాగా చేతికి వస్తుంది. పిడి చివర అల్లిక వంటి నగిషీని వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే, తొలిచిన సందుల్లోంచి దీపం కనిపిస్తుంది. వారు చెప్పిన ధరకే కొనండి.

ఆ తరువాత రేంజి కార్యాలయానికి, వెంట వచ్చిన తోడుకు, ఇంటికి ఫోను చేసి అందరం దిగి వచ్చామని చెప్పాలి. మనం చెప్పకపోతే, చీకటి పడ్డాక ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని మన కోసం కొండెక్కవలసి వస్తుంది.